వీపు తెలిసినవాళ్ళు

"కుందుల అడుగు ఎవరు తోమాలె? మీ అమ్మ వచ్చి తోముతదా?"

ప్రమీలమ్మ ఈ మాట ప్రతి గురువారం అంటుంది. నవత ఈ ఇంటికి కోడలిగా వచ్చి పద్దెనిమిదేళ్ళు. అన్నేళ్ళలో ఒక్క గురువారం కూడా ఈ మాట తప్పలేదు. శుక్రవారం దీపానికి గురువారం పొద్దున్నే ఇత్తడి సామానంతా సింకులో పడాలి, చింతపండు గుజ్జులో నానాలి, పీచుతో తోమాలి, పొడిబట్టతో తుడవాలి. గంట, హారతి పళ్ళెం, చెంబు, అన్నీ తళతళా మెరిసినా అత్తగారి చెయ్యి నేరుగా పోయి ఆ రెండు కుందుల మీదే పడుతుంది. కళ్ళు సరిగ్గా ఆనవు కాబట్టి కుందిని బోర్లించి బొటనవేలితో అడుగంతా తడుముతుంది. "జిడ్డు అట్లనే ఉన్నది" అంటుంది. అడుగున ఎవరు చూస్తరు అత్తమ్మా అని కొత్తల్లో నవత ఒకసారి అడిగింది. "ఎవరన్న చూస్తెనే తోముతవా?" అని జవాబు వచ్చింది. ఇక ఆ తర్వాత అడగడం మానేసింది.

ఆ రోజు మాత్రం ఆమె మనసు సింకులో లేదు, తలుపు వెనక తగిలించిన హ్యాండ్‌బ్యాగులో ఉంది. అందులో నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం ఉంది. దాని మీద సంతకం పెట్టి శుక్రవారం మధ్యాహ్నంలోగా డిపార్ట్‌మెంటులో ఇవ్వాలి. పెడితే, పన్నెండేళ్ళుగా తను రాసుకున్న నలభై పాఠాలు యూనివర్సిటీవి అయిపోతాయి. పెట్టకపోతే, ఈ ఏడాది తనకు పాఠం చెప్పే పీరియడ్లు ఉండకపోవచ్చు. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతికి నిన్నటి నుంచి ముద్ద ఎందుకు దిగడం లేదో ఆమెకే విడ్డూరంగా ఉంది.

"నానబెట్టి పోత అత్తమ్మా, సాయంత్రం వచ్చి తోముత. పది గంటలకు క్లాసున్నది."

"పో పో. నానేటియి నానుతనే ఉంటయి" అంది ప్రమీలమ్మ.

నవత లా చదివింది. దాని మీద పీజీ, ఆపైన పీహెచ్‌డీ. తార్నాకలో వాళ్ళ ఇంటి నుంచి క్యాంపస్ గేటు నడిచిపోయే దూరం. అక్కడ కాపీరైట్ చట్టం చెబుతుంది. ఎవరు రాసింది ఎవరిది, ఎవరు గీసింది ఎవరిది, ఒకరిది ఇంకొకరు వాడుకోవాలంటే ఏ కాగితం కావాలి, ఇవీ ఆమె పాఠాలు. దానికి తోడు ఇంకో భాగం తనే కలిపింది. గుళ్ళ నుంచి, ఊళ్ళ నుంచి కొల్లగొట్టుకుపోయిన విగ్రహాలు విదేశాల నుంచి ఎట్లా తిరిగొస్తాయి, వాటిని తెమ్మని అడిగే హక్కు ఎవరిది అని. ఆ క్లాసుకు బెంచీలు చాలక కిటికీల దగ్గర నిలబడి వినేవాళ్ళుంటారు. ఇంత చేసినా ఆ యూనివర్సిటీలో ఆమె ఎవరూ కాదు. గెస్ట్ ఫ్యాకల్టీ. పీరియడ్ చెబితే ఉన్నట్టు, చెప్పకపోతే లేనట్టు. ఇంటికి చుట్టాలొస్తే భూపాల్ "మా మిసెస్ కూడ కాలేజీకి పోతది, టైంపాస్‌కు" అని నవ్వుతూ పరిచయం చేస్తాడు. ఆయన బ్యాంకులో మేనేజరు. ఆయన టైం పాస్ అవ్వదు, ఖర్చవుతుంది.

ప్రతి జూలైలో గెస్టులందరూ ఒక హామీపత్రం రాసివ్వాలి. అందులో ఇలా ఉంటుంది: "నేను ఈ విశ్వవిద్యాలయ ఉద్యోగిని కాను. నాకూ విశ్వవిద్యాలయానికీ మధ్య యజమాని, ఉద్యోగి సంబంధం ఏదీ లేదు. భవిష్యత్తులో ఉన్నదని చెప్పుకోను." రేపెవరైనా కోర్టుకు పోయి మమ్మల్ని పర్మినెంట్ చేయమని అడగకుండా ముందే వేసిన కంచె అది. మొదటి ఏడు ఆ కాగితం చదివి నవత బాత్‌రూంలోకి పోయి ఏడ్చింది. రెండో ఏడు చదివింది గానీ ఏడవలేదు. మూడో ఏటి నుంచి చదవడమే మానేసింది. జిరాక్స్ మాత్రం తీయించి నీలం ఫైల్లో పెట్టుకునేది. లా చదివినవాళ్ళకు ఉండే జబ్బు అది, చించేయాలనిపించే కాగితం కూడా దాచుకుంటారు.

ఇంట్లోనూ అలాంటి పత్రమే ఒకటి ఉంది, రాతలో లేదు అంతే. పని ఉన్నప్పుడు "మనింటిదానివి గద" అంటారు. ఆడబిడ్డ పురుడుకు, మామగారి ఆపరేషనుకు, బావగారి గృహప్రవేశానికి రెండొందల మందికి విస్తర్లు వేయడానికి, అన్నిటికీ మనింటిదే. మామగారు లక్ష్మయ్య బతికుండగా ఈ ఇల్లు ఎవరి పేరున రాయాలన్న మాట వచ్చింది. నవత టీ కప్పులు పట్టుకుని అక్కడే నిలబడింది. "నువ్వు లోపలికి పో బిడ్డా, ఇది ఇంటోళ్ళ ముచ్చట" అన్నాడాయన. మర్యాదగానే అన్నాడు. ఆమె రాసుకునే బల్ల ఒకటుండేది. తల్లి కొనిచ్చింది, టేకుది, రెండు సొరుగులది. బావగారి కొడుకు పదో తరగతికి వచ్చాడని అది ఒకరోజు ఆటోట్రాలీ ఎక్కి బౌద్ధనగర్‌లో వాళ్ళింటికి పోయింది. "ఇంట్ల నీది నాది ఏంది, అంత మనదే గద" అన్నాడు భూపాల్. ఆ పిల్లవాడు ఇంజనీరింగ్ కూడా అయిపోయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు, బల్ల మాత్రం తిరిగి రాలేదు. మన అన్న మాట ఎప్పుడూ తన వైపు నుంచి అటే పోతుంది, అటు నుంచి ఒక్క సామాను కూడా ఆ మాట పట్టుకుని ఇటు రాదు అని నవతకు చాలా ఆలస్యంగా తట్టింది. అప్పటి నుంచి పాఠాలు రాసింది డైనింగ్ టేబుల్ మీదే. కుక్కర్ రెండు కూతల మధ్య ఒక పేరా. ఎవరైనా తినడానికి వస్తే పుస్తకాలన్నీ ఎత్తి ఫ్రిజ్ మీద పెట్టడం, తిన్నాక తుడిచి మళ్ళీ దించడం. నలభై పాఠాల్లో పప్పు మరక పడని పాఠం వెతికినా దొరకదు.

ఇరవై మూడో పాఠం ఒక్కటే డైనింగ్ టేబుల్ మీద పుట్టలేదు, గుండ్లవాగులో పుట్టింది. జనగామ దాటాక బస్సు దిగి ఆటోలో పోవాలి ఆ ఊరికి. ఊరవతల గద్దె మీద మూరెడు ఎత్తు నల్లరాతి తల్లి ఉండేది, చంకలో ఒక బిడ్డ, కొంగు పట్టుకుని ఇంకో బిడ్డ. ఊరు ఆమెను బిడ్డల తల్లి అనేది. నలభై ఏళ్ళ కింద ఒక వానాకాలం పొద్దున చూస్తే గద్దె ఖాళీ. ఎన్నో ఏళ్ళకు ఐరోపాలో ఒక మ్యూజియం అచ్చువేసిన పుస్తకంలో ఆమె ఫొటో కనబడింది. అది మా తల్లే అని ఊరు అర్జీ పెట్టింది. మీ తల్లేనని రుజువేమిటి అని మ్యూజియం అడిగింది. ఊళ్ళో పాత ఫొటో ఒక్కటీ లేదు. సర్పంచ్ పోచయ్య, ఊరి పెద్దమనుషులు కలిసి కళ్ళు పెద్దవనీ, ముక్కుపుడక ఉంటుందనీ, చంకలో బిడ్డ ఎడమ పక్కనుంటుందనీ చెప్పారు. ఇదంతా మా పుస్తకంలో ఫొటో చూసిన ఎవరైనా చెప్పగలరు అని మ్యూజియం లాయర్లు తిప్పి రాశారు.

పేపర్లో ఆ సంగతి చదివి నవత ఫీల్డు విజిట్‌కు అనుమతి అడిగింది. "గెస్ట్ ఫ్యాకల్టీకి అర్హత లేదు" అని ఎర్ర సిరాతో రాసి ఆఫీసువాళ్ళు కాగితం వాపసు చేశారు. అదీ నీలం ఫైల్లోకే పోయింది. ఒక ఆదివారం రెండు పూటలకూ వండిపెట్టి తనే బస్సెక్కింది. పెద్దమనుషులు కుర్చీలు వేసి చెప్పినదే చెప్పారు. వాళ్ళు లేచిపోయాక, దూరంగా కూర్చుని చింతగింజలు ఏరుతున్న ఒక ముసలామె దగ్గరికి పోయి కూర్చుంది. ఆమె పేరు కాశమ్మ.

"నువ్వు తల్లికి ఏం చేసేదానివి అవ్వా?"

"కడిగేదాన్ని బిడ్డా. ప్రతి శుక్రారం. మా అత్త కడిగింది, అటెన్క నేను కడిగిన."

"ముఖం ఎట్లుంటది?"

"ముఖం మొగోళ్ళు చెప్పిన్రు గద. నాకు వీపు తెలుసు" అంది కాశమ్మ. "నూనె వెట్టి నీళ్ళు పోస్తె కదులుతది, పట్టుకోకుంటె పడ్తది. కొప్పు కింద మూడు వేళ్ళు పట్టేటి గుంటలున్నయి. గాడ వేళ్ళు వెట్టి పట్టుకొని కడగాలె. ఎవరు చెక్కినయి కావు. మా అత్త, దాని అత్త, అట్ల పట్టుకొని పట్టుకొని పడ్డయి. నడిమి వేలుకు లోతెక్కువ."

నవత ఆ మాటలు వీడియో తీసింది. తేదీ వేసి, రాసి, చదివి వినిపించి, కాశమ్మ వేలిముద్ర వేయించుకుని ఊరి తరఫు లాయరుకు పంపింది. వీపు ఫొటో కావాలని లాయరు అడిగితే మ్యూజియంవాళ్ళు మూడు నెలలు సతాయించి పంపారు. కొప్పు కింద మూడు గుంటలు. నడిమిది లోతు. ఎవరూ ఏ పుస్తకంలోనూ అచ్చువేయని వీపు అది. ఆ ఫొటో చూసిన రోజు నవత డైనింగ్ టేబుల్ దగ్గర నిలబడే ఏడ్చింది, ఈసారి బాత్‌రూంలోకి పోలేదు. ఏడాది తిరక్కుండా తల్లి దేశానికి వచ్చింది. ఢిల్లీలో ఒక ప్రభుత్వ గోదాములో ఉంది, ఊరికి ఇంకా చేరలేదు. కాశమ్మ నెలకోసారి ఎవరిదో ఫోన్ అడుక్కుని చేస్తుంది. "బయలెల్లిందా బిడ్డా?" అంటుంది.

బుధవారం మధ్యాహ్నం ప్రొఫెసర్ కరుణాకర్ తన గదికి పిలిచాడు. డిపార్ట్‌మెంటుకు ఆయనే పెద్ద. చెడ్డవాడు కాడు. ఎండలో నడిచివచ్చిన వాళ్ళకు మంచినీళ్ళు ఇప్పిస్తాడు, అమ్మా అనకుండా ఏ ఆడమనిషితోనూ మాట్లాడడు. అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోవడం కూడా ఓ పట్టాన కుదరదు.

"అమ్మా నవతా, మంచి వార్త. మన కోర్సు ఆన్‌లైన్ల పెడ్తున్నం. కాపీరైట్ ఆచరణ, కళాఖండాల వాపసు. సర్టిఫికెట్ కోర్సు. అంత రెడీ" అని కంప్యూటర్ ఆమె వైపు తిప్పాడు.

ఆమె పాఠాలే. పిల్లలకు జిరాక్స్ ఇవ్వడానికని ఏటా డిపార్ట్‌మెంటుకు తనే మెయిలు పెట్టినవి. కామా కూడా మారలేదు. మొదటి పేజీ మీద "రూపకల్పన: ప్రొఫెసర్ కరుణాకర్" అని ఉంది. తన పేరు ఉండదని నవత గదిలోకి వచ్చేముందే ఊహించింది, ఊహించినది జరిగితే దెబ్బ అంతగా తగలదు. వేలు దానంతటదే పోయి ఇరవై మూడో పాఠం తెరిచింది. అక్కడ కాశమ్మ లేదు. "స్థానికుల కథనం ప్రకారం విగ్రహం వెనుక భాగంలో కొన్ని గుర్తులు ఉన్నట్లు పరిశోధనలో తేలింది" అని ఉంది.

"కాశమ్మ పేరేది సార్?"

"ఎవరు? ఓ, ఆ ముసలామెనా. పల్లెటూరి మనిషి పేరు కోర్సుల ఎందుకమ్మా, అకడమిక్‌గ కన్పించదు. నీ ముచ్చట మర్చిపోలే, చివర్ల చూడు."

చివర చూసింది. "సహకరించిన గెస్ట్ ఫ్యాకల్టీకి కృతజ్ఞతలు." పేరు లేదు.

ఆయన కాగితం ముందుకు జరిపాడు. "ఈ పాఠాలను విశ్వవిద్యాలయ ఆదేశం మేరకు, విశ్వవిద్యాలయ పర్యవేక్షణలో తయారుచేశాను. వీటిపై నాకు ఏ హక్కూ లేదు." కింద సంతకానికి గీత. "ఒక్క ఫ్యామిలీల కాగితాలేంది అనుకుంటవు గని, పైవాళ్ళు అడుగుతరమ్మా. నువ్వు మా మనిషివి. శుక్రవారం ఇది, ఈ ఏటి హామీపత్రం రెండు ఒక్కసారే సంతకం చేసిపో, నీ పీరియడ్లు కూడ అప్పుడే ఖాయం చేద్దం."

ఆ కాగితమే ఇప్పుడు హ్యాండ్‌బ్యాగులో ఉంది. గురువారం పొద్దున టిఫిను దగ్గర భూపాల్‌కు చెప్పింది. ఆయన సాక్సులు వేసుకుంటూ విన్నాడు.

"పెట్టేస్తె ఒడుస్తది గద. పాఠాలు ఏమన్న పొలమా, ఇంకొకడు దున్నుకుంటడని బుగులు పడనీకి? నీ నెత్తిల ఉన్నయి, మళ్ళ రాసుకోవచ్చు. పీరియడ్లు పోతె ఏం చేస్తవు, ఇంట్ల కూసుంటవా?" అన్నాడు. తర్వాత, "నా కర్చీఫ్ ఎక్కడున్నది?" అన్నాడు.

ఇంట్లో కూర్చోవడం అంటే ఏమిటో ఈయనకు తెలుసా అనుకుంది నవత, కర్చీఫ్ అందిస్తూ. తను ఈ ఇంట్లో ఎప్పుడు కూర్చుందో గుర్తు చేసుకోవడానికి చూసింది. కానీ అందులో సగం ఆయన మాట నిజమే. పీరియడ్లు పోతే ఆ గేటు, ఆ నడక, కిటికీల దగ్గర నిలబడి వినే ఆ ముఖాలు, రోజులో తనను పేరు పెట్టి మేడం అని పిలిచే ఆ మూడు గంటలు పోతాయి. అవి పోతాయన్న భయం నిజమైన భయమే, దాన్ని తీసిపారేయడం ఎవరికైనా తేలికేమో గానీ ఆమెకు కాదు. పెట్టేద్దాం అనుకుంది. బస్టాపు దాటి, క్యాంపస్ గేటు దాటి, సన్నటి తుంపరలో గొడుగు విప్పకుండానే నడుస్తూ, పెట్టేద్దాం, ఏం పోతుంది, కాశమ్మకు చదువు రాదు, ఆమెకు తెలియదు కూడా అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఆ రోజు పాఠం పదిహేడో సెక్షన్. రాసినదానికి మొదటి యజమాని ఎవరు అనే పాఠం. పన్నెండేళ్ళుగా చెబుతున్నది, నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. బోర్డు మీద రెండు గడులు గీసింది.

"నెల జీతానికి ఉన్న ఉద్యోగి, ఉద్యోగంల భాగంగ రాసింది యజమానిది. ఉద్యోగి కాని మనిషి రాసింది ఆ మనిషిదే, సంతకం పెట్టి ఇస్తే తప్ప ఇంకెవరిదీ కాదు. మన పెండ్లిళ్ళల్ల వంట మేస్త్రీ ఉంటడు కదా. బగారన్నం మనం తింటం. కాని ఆయన పాళ్ళు రాసుకున్న పుస్తకం పెండ్లివాళ్ళది అయితదా? కాదు. ఆయన వాళ్ళింటి మనిషి కాదు కాబట్టి, పుస్తకం ఆయనదే."

ముందు బెంచీలో రజిని చెయ్యెత్తింది. నలభై దాటిన మనిషి. కోర్టు ముందు టైపు చేసి బతుకుతూ, పిల్లలు పెద్దయ్యాక లాలో చేరింది. రోజూ లాయర్లు చెప్పింది టైపు కొట్టీ కొట్టీ తిన్నగా అడగడం అలవాటైంది ఆమెకు.

"మరి మీరు ఏ లెక్క మేడం? ఇంటి మనిషా, వంట మేస్త్రీనా?"

క్లాసంతా నవ్వింది. నవత కూడా నవ్వబోయింది. సుద్దముక్క పట్టుకునే బోర్డు మీద తను గీసిన రెండు గడుల వైపు తిరిగింది. పన్నెండేళ్ళు. పాటలు రాసేవాళ్ళను పెట్టి చెప్పింది ఈ సెక్షను, పత్రికా విలేకరులను పెట్టి చెప్పింది, ఫొటోగ్రాఫర్లను పెట్టి, వంట మేస్త్రీలను పెట్టి చెప్పింది. లోకంలో అందరినీ తెచ్చి ఆ రెండు గడుల్లో కూర్చోబెట్టింది, తనను తాను ఒక్కసారి కూడా కూర్చోబెట్టుకోలేదు. ఊరి పెద్దమనుషుల్లాగే తనూ ముఖమే చూస్తూ వచ్చింది. ఆ హామీపత్రం ముఖాన ఉన్న అవమానం చూసి ఏడ్చింది, విసుక్కుంది, చివరికి చదవడం మానేసింది. దాని వీపున ఏముందో తిప్పి చూడలేదు. నేను ఉద్యోగిని కాను. మీరే రాయించారు. ఒకటి కాదు, పన్నెండు. నేను మీ మనిషిని కాకపోతే నేను రాసింది మీదెట్లా అయింది?

ఒక్క చిక్కుంది. ఇలాంటి సంస్థ ఆదేశించి తయారుచేయించింది ఆ సంస్థదే అవుతుందని అదే సెక్షన్లో ఇంకో మాట ఉంది. కరుణాకర్ సార్‌కూ అది తెలుసు, అందుకే కాగితంలో "ఆదేశం మేరకు" అని తన నోటితో అనిపించాలని చూశాడు. ఎవరు ఆదేశించారు? గుండ్లవాగు పోతానంటే అర్హత లేదని ఎర్ర సిరాతో రాసినవాళ్ళా? ఆ కాగితం కూడా ఉంది.

"వంట మేస్త్రీని రజినీ" అంది నవత మెల్లగా. "ఇన్నేండ్ల నుంచి తెలువలేదు."

క్లాసు మళ్ళీ నవ్వింది. రజిని నవ్వలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి చీర కూడా మార్చుకోకుండా నీలం ఫైలు తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచింది. పన్నెండు జిరాక్సులు, ఎర్ర సిరా కాగితం ఒకటి. వంటింట్లోంచి ప్రమీలమ్మ పిలిచింది. "కుందులు నానినయి, నువ్వు నానినవా?"

నవత పీచు చేతిలోకి తీసుకుంది. ఆ రోజు ఆమెకు తొందర లేదు. మనసు తేలికగా ఉంది, చేతులకు పని కావాలనిపించింది. కుందిని బోర్లించి అడుగున గట్టిగా రుద్దింది. ఏళ్ళ జిడ్డు పొరలు పొరలుగా లేచింది. చింతపండు మళ్ళీ పెట్టి మళ్ళీ రుద్దింది. పీచుకు ఏదో గరుకు తగిలింది. నీళ్ళు పోసి వెలుతురు వైపు తిప్పింది. చుక్కలు చుక్కలుగా, పాత్రల మీద పేర్లు కొట్టేవాళ్ళు సుత్తీ ఉలీ పెట్టి కొట్టే చుక్కలు. ప్ర. మీ. ల.

ఈ ఇంట్లో ప్రతి గిన్నె మీదా, చెంబు మీదా, గంగాళం మీదా లక్ష్మయ్య అని ఉంటుంది. పద్దెనిమిదేళ్ళుగా అవన్నీ తోముతోంది తను. ప్రమీల అన్న పేరు ఈ ఇంట్లో ఏ వస్తువు మీదా చూడలేదు.

"అత్తమ్మా, దీని అడుగున నీ పేరున్నది."

ప్రమీలమ్మ తడబడుకుంటూ వచ్చి కుందిని అందుకుంది. బొటనవేలితో తడిమింది. వేళ్ళు కీళ్ళవాతంతో వంకర్లు తిరిగి ఉన్నాయి, అయినా ఆ మూడు అక్షరాల మీద వేలు దారి తప్పకుండా పోయింది.

"మా అవ్వ కొట్టిపిచ్చింది, పెండ్లికి. నాతోని నలభై సామాన్లు పంపింది. గీడికొచ్చినంక అన్నిటి మీద మీ మామ పేరు కొట్టిపిచ్చిన్రు. అడిగితే ఇంట్ల నీది నాది ఏంది అన్నరు. గియ్యి రెండు మిగిలినయి. పైన కొట్టిపిస్తె అత్తోరింట్ల ఏమనుకుంటరో అని మా అవ్వ అడుగుకు కొట్టిపిచ్చింది. నాకు సదువు రాదు గని ఇది సదువొస్తది." కుంది ఇంకా చేతిలోనే ఉంది. "చేతులు మంచిగున్నప్పుడు నేనే తోముకుంటుంటి."

"ఇన్నేండ్ల నుంచి తోము తోము అంటవు గని ఇది చెప్పలేదేంది అత్తమ్మా?"

"నువ్వు అడుగున ఎవరు చూస్తరన్నవు. ఎందుకు అని అడగలే."

ఈ మనిషి మీద నవత పద్దెనిమిదేళ్ళుగా పెంచుకున్న విసుగంతా ఉంది లోపల, అది ఒక్క సాయంత్రంలో పోయేది కాదు. తనను అన్న మాటలు అన్నీ గుర్తున్నాయి, ఉంటాయి కూడా. కానీ ఆ వంకర వేలు ఇంకా ఆ మూడు అక్షరాల మీదే ఉంది. వీపు తెలిసినవాళ్ళు గుండ్లవాగులోనే ఉంటారనుకుంది ఇన్నాళ్ళూ. నేల మీద కూర్చుని రెండో కుంది కూడా తోమింది. తోముతూనే కాశమ్మ కథంతా చెప్పింది. బల్ల కథా చెప్పింది, కాగితం కథా చెప్పింది. ప్రమీలమ్మ పీట మీద కూర్చుని ఊఁ కొట్టింది.

భూపాల్ బ్యాంకు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే తల్లి అక్కడి నుంచే అంది, "అరేయ్, దాని బల్ల దానికి తెచ్చియ్యి. రేపే."

"ఏ బల్లనే?"

"తెల్వనట్టు అడుగకు."

శుక్రవారం పొద్దున కుందులు వెలిగాయి. నవత పదకొండు గంటలకు కరుణాకర్ సార్ గదికి పోయింది. ఆయన మంచినీళ్ళు ఇప్పించాడు. బల్ల మీద రెండు కాగితాలు పెట్టి ఉన్నాయి, పాఠాల మీద హక్కు లేదనే కాగితం ఇంకో కాపీ, దాని కింద ఈ ఏటి హామీపత్రం. పెన్ను మూత కూడా ఆయనే తీసి ఇచ్చాడు.

నవత ముందు తన బ్యాగులోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. పొద్దున్నే డైనింగ్ టేబుల్ మీద రాసింది, ఎవరు తినడానికి వచ్చినా ఎత్తలేదు. నాలుగే వాక్యాలు. "ఈ నలభై పాఠాలు రాసినది నవత. ఇరవై మూడో పాఠంలో సాక్ష్యం గుండ్లవాగు కాశమ్మది. ఈ రెండు పేర్లూ ఉంచి ఈ ఒక్క విద్యా సంవత్సరానికి విశ్వవిద్యాలయం వీటిని వాడుకోవచ్చు. ఏ పేరు తీసేసినా ఈ అనుమతి ఉండదు."

ఆయన రెండుసార్లు చదివాడు. "ఇదేందమ్మా? అనుమతి నువ్విచ్చుడేంది మాకు? మన డిపార్ట్‌మెంటుల కూసొని మన పిల్లలకు చెప్పిన పాఠాలు. నిన్ను మా మనిషి అనుకున్న."

ఈ గది, ఈ గేటు, రజిని ముఖం, అన్నీ ఈ రోజుతో సరి కావచ్చు. అయినా నవత చెయ్యి పోయి పై కాగితాన్ని పక్కకు జరిపింది, కింద ఉన్న హామీపత్రాన్ని లాక్కుంది. పదేళ్ళ తర్వాత మొదటిసారి దాన్ని చదివింది, పైకి, ఆయనకు వినబడేలా, పిల్లలకు సెక్షను చదివినట్టు.

"నేను ఈ విశ్వవిద్యాలయ ఉద్యోగిని కాను. నాకూ విశ్వవిద్యాలయానికీ మధ్య యజమాని, ఉద్యోగి సంబంధం ఏదీ లేదు. భవిష్యత్తులో ఉన్నదని చెప్పుకోను."

కరుణాకర్ సార్ కూడా లా చదివినవాడే. రెండో వాక్యం దగ్గరే ఆయన ముఖం మారింది. కాగితం కోసం చెయ్యి చాపాడు. అప్పటికే నవత సంతకం పెట్టేసింది, ఎప్పటిలా గీతలు గీకకుండా ఇంటిపేరుతో సహా, అక్షరం అక్షరం విడివిడిగా.

"అంటే, మా మనిషివి కాదంటవా నువ్వు?"

"నేనెప్పుడు అన్న సార్? పన్నెండేండ్ల నుంచి మీరే రాయిపిస్తున్నరు" అంది నవత. "దీని జిరాక్స్ ఒకటి ఇప్పియ్యండి. నా ఫైల్ల పెట్టుకోవాలె."